నర్సీపట్నం రోడ్డు దాకా టికెట్టు

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి డిగ్రీ తరగతులు మొదలయ్యేదాకా మా నర్సీపట్నంలో ఒకే ప్రశ్న ఊరంతా తిరుగుతూ ఉంటుంది. అబీద్ సెంటర్‌లో నెట్ షాపుల ముందు, కాంప్లెక్సులో చింతపల్లి బస్సు కోసం కూర్చున్న బల్లల మీద, పెదబొడ్డేపల్లి టీకొట్ల దగ్గర. "డిగ్రీ చేస్తే ఏటొస్తాది మాస్టారూ?" అడిగేవాళ్లు ఎక్కువగా తండ్రులు. పిల్లలు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటారు. చెవులు మాత్రం ఇటే ఉంటాయి.

ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోవలసిన పని లేదు. రోలుగుంటలోనో నాతవరంలోనో రెండెకరాలు సాగు చేసుకునే మనిషికి మూడేళ్లంటే మూడు చెరకు పంటలు. కొడుకు ఇంటిపట్టున ఉంటే ఒక కూలి మిగులుతుంది. అచ్యుతాపురం పోయి ఏ కంపెనీలోనో చేరితే నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు వస్తుంది. ఆ రెండూ వదులుకుని పిల్లవాణ్ణి కాలేజీకి పంపబోతున్న మనిషి లెక్క అడుగుతున్నాడు. అతనికి చదువు గొప్పతనం మీద ఉపన్యాసం ఇస్తే ఏం లాభం? డిగ్రీ కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పినవాడిగా నాకు తెలిసిన లెక్క చెబుతాను.

ఒకప్పుడు ఈ లెక్క చాలా తేలిక. ఇప్పటి మన అనకాపల్లి జిల్లాలోనే, యలమంచిలి దగ్గర ఎస్.రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు గారు కాలేజీ చదువు కోసం విజయనగరం వెళ్లవలసి వచ్చింది. అక్కడ మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు తన ఇంట ఆశ్రయం ఇచ్చారు కాబట్టి చదువు సాగింది. 1886లో బి.ఏ. పట్టా చేతికొచ్చింది. ఆ రోజుల్లో పట్టా ఇచ్చేది మద్రాసు విశ్వవిద్యాలయం. తెలుగువాళ్లకు సొంత విశ్వవిద్యాలయం 1926లో గానీ రాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట బెజవాడలో పెట్టి, తర్వాత వాల్తేరు కొండ మీదికి తెచ్చారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపకులపతి. అప్పట్లో తాలూకా మొత్తానికి బి.ఏ.లు ఎందరో వేళ్ల మీద చెప్పగలిగేవాళ్లు. పట్టా ఉన్నవాణ్ణి ఉద్యోగమే వెతుక్కుంటూ వచ్చేది. దాని విలువలో సగం అరుదుతనం వల్ల వచ్చింది.

ఆ అరుదుతనం పోయింది. పోవడమే మంచిది. ఇవాళ నర్సీపట్నంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, చోడవరంలో ఉంది, కొండ మీద చింతపల్లిలో ఉంది, పాడేరులో ఉంది. మాకవరపాలెం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది. లంబసింగి ఘాట్ రోడ్డు దిగి వచ్చిన గిరిజన కుర్రాడు ఇక్కడ హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. చదువుతున్నాడు. అతని తాత సంతలో వేలిముద్ర వేసిన మనిషి. ఇంతమంది చేతిలో పట్టాలున్నప్పుడు ఒక్కో పట్టాకు పూర్వపు విలువ ఎలా ఉంటుంది? ఉండదు. ఈ మాట తండ్రులకు ముందే చెప్పేయడం మేలు. మా తాతగారి కాలంలో బి.ఏ. పాసైతే ఇలా ఉండేది, అలా ఉండేది అని చెప్పే ముసలాయన మాటలు విని మూడేళ్ల ఖర్చు పెట్టకండి.

మరి ఇప్పుడు ఉన్న విలువ ఏమిటి? మన రైల్వే స్టేషన్ సంగతి చూడండి. తుని, యలమంచిలి మధ్య నర్సీపట్నం రోడ్డు అని స్టేషన్ ఉంది. పేరు చూసి ఊరొచ్చేసిందని కొత్తవాళ్లు సంచులు దింపుకుంటారు. దిగి చూస్తే ఊరు లేదు. ఇంకా బోలెడు దూరం, బస్సో ఆటోనో పట్టుకుని రావాలి. అలాగని ఆ స్టేషన్‌లో దిగడం తప్పు కాదు, రైలు మన ఊరికి అంతకంటే దగ్గరగా రాదు. డిగ్రీ ఇవాళ సరిగ్గా ఆ స్టేషనే. దాని మీద ఉద్యోగం పేరు రాసి ఉంటుంది, ఉద్యోగం మాత్రం అక్కడ ఉండదు. అక్కడ దిగనివాడికి ఊళ్లోకి దారి దొరకడం కష్టం. దిగినవాడు మిగతా దారి ఎలా వెళ్లాలో రైల్లో ఉండగానే ఆలోచించుకోవాలి.

2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా ఉద్యోగాలు ఒక్కసారే ప్రకటించారు. ఊరూరా జనం చేసిన హడావుడి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నోటిఫికేషన్లు ముందు పెట్టుకుని చదివితే డిగ్రీ విలువ మీద నేను చెప్పేదంతా వాటిలోనే ఉంది. పంచాయతీ కార్యదర్శి పోస్టుకు ఏదైనా డిగ్రీ అన్నారు. కరెంటు పని చూసే ఎనర్జీ అసిస్టెంట్‌కు డిగ్రీ అక్కర్లేదు, ఎలక్ట్రికల్ ఐటీఐ లాంటిది కావాలి. అంటే ఐటీఐ చేసిన కుర్రాడు నిలబడ్డ వరుసలో బి.కామ్. కుర్రాడికి చోటు లేదు, బి.కామ్. కుర్రాడి వరుసలో ఐటీఐ కుర్రాడికి చోటు లేదు. పోలీసు కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు, అదే స్టేషన్‌లో ఎస్సైగా చేరాలంటే డిగ్రీ ఉండాలి. బ్యాంకు ఆఫీసరుకు డిగ్రీ, గ్రూప్-2కు డిగ్రీ, కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో పై పోస్టుల పరీక్షకు డిగ్రీ. డిగ్రీ ఉంటే వీటన్నిటికీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకున్నంత మాత్రాన వస్తాయా అంటే, అది స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లే దారి సంగతి.

బడి ఉద్యోగాలది ఇంకో కథ. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అందులో చిన్న తరగతుల ఎస్జీటీకి ఇంటర్ మీద డీఈడీ కావాలి, స్కూల్ అసిస్టెంటుకు డిగ్రీ మీద బీఈడీ కావాలి. బీఈడీ ఇప్పుడు రెండేళ్లు. మూడు, రెండు ఐదేళ్లు, ఆ మీద టెట్, ఆ మీద డీఎస్సీ. దారి పొడవు ఎంతో ముందే తెలిస్తే మధ్యలో విసుగు రాదు. మన ఏజెన్సీ పిల్లలకు ఒకప్పుడు ఈ దారి కొంచెం దగ్గరగా ఉండేది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. దాన్ని నమ్ముకుని చింతపల్లి, కొయ్యూరు, జి.మాడుగుల వైపు నుంచి ఎంతోమంది బీఈడీలు చేశారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. తీర్పు న్యాయమా, అన్యాయమా అని ఇక్కడ వాదన పెట్టుకోను. ఒకే ఉద్యోగాన్ని నమ్ముకుని డిగ్రీ చదివితే, ఢిల్లీలో రాసిన ఒక్క తీర్పుకు మన్యంలో కుర్రాడి ఐదేళ్ల లెక్క తారుమారు కావచ్చు. ఆ పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే, మీ డిగ్రీకి రెండో వాడకం ఏమిటో మొదటి ఏడాదే చూసుకోండి. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. పై చదువు ఆలోచన ఉన్నవాళ్లకు అది ఇంటికి దగ్గర దారి.

ఇక ప్రైవేటు ఉద్యోగాలు. మన ప్రాంతానికి దేవుడిచ్చిందో దిష్టి తగిలిందో తెలియదు గానీ, పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం, నక్కపల్లి చుట్టూ మందుల కంపెనీలు చాలా ఉన్నాయి. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివిన పిల్లలకు ఇంత దగ్గర్లో ఇన్ని ఉద్యోగాలున్న చోటు రాష్ట్రంలో తక్కువ. అయినా పాసైన పిల్లలు అక్కడి ఇంటర్వ్యూకు వెళ్లి దిగాలుగా తిరిగొస్తుంటారు. ఏమడిగారు నాయనా అంటే, నార్మాలిటీకీ మొలారిటీకీ తేడా అడిగారట. టైట్రేషన్‌లో రంగు ఎందుకు మారుతుందని అడిగారట. పీహెచ్ అంటే ఏమిటని అడిగారట. ఇవన్నీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో ఉన్నవే. బ్యూరెట్ చేత్తో పట్టుకుని చుక్క చుక్కగా వదిలిన పిల్లకు ఆ జవాబు పుస్తకం లేకుండానే వస్తుంది. రికార్డు మాత్రమే నింపిన పిల్లకు రాదు.

రికార్డు అన్నాను కాబట్టి ఇంకాస్త చెబుతాను. మన కాలేజీల్లో పరీక్షకు ముందు రాత్రి, సీనియర్ రికార్డు ముందేసుకుని మొత్తం ఏడాది ప్రయోగాలు ఏకబిగిన రాసేస్తారు. రీడింగులు కూడా అవే. నలభై మందికీ ఒకే బ్యూరెట్ రీడింగు రావడం సైన్సులో అద్భుతమే. ఇప్పుడు ఆ కుర్రాడే మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేరాడనుకోండి. అక్కడ మొదటి రోజు నేర్పేది, ఏ పని చేసినా చేసినప్పుడే రాయాలని. రాయని పని చెయ్యనట్టే లెక్క. తప్పు రాస్తే చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. విదేశాల నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు మందు కంటే ముందు ఆ పుస్తకాలే చూస్తారు. మూడేళ్లు ఇంకొకరి రీడింగు చూసి రాసిన చేతికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. డిగ్రీ విలువ పడిపోయిందంటూ ఉపన్యాసాలిచ్చే పెద్దలు మార్కెట్టును తిడతారు గానీ, ఆ విలువలో సగం మన రికార్డు పుస్తకాల్లోనే పోతోందని నా అనుమానం.

ఈ కంపెనీల గురించి తల్లులకున్న భయం కూడా తీసిపారేయదగ్గది కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. పనిలో వాడే ద్రావకం ఏ వేడికి ఆవిరవుతుందో, ఆ ఆవిరి దేనికి అంటుకుంటుందో తెలిసి అక్కడ నిలబడటం వేరు, తెలియక నిలబడటం వేరు. కెమిస్ట్రీ నిజంగా చదవమని నేను పదేపదే అనడానికి ఇదీ ఒక కారణం.

బి.కామ్. పిల్లల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే వాళ్లు సాధారణంగా తమ దారి తామే చూసుకుంటారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక కిరాణా హోల్‌సేలు కొట్టు దగ్గర్నుంచి అనకాపల్లి బెల్లం వ్యాపారి దాకా నెలనెలా లెక్కలు కంప్యూటర్లో పెట్టేవాళ్లు కావలసి వచ్చారు. చదువుకుంటూనే ఏదైనా ఆడిటర్ ఆఫీసులో సాయంత్రాలు కూర్చున్న కుర్రాడు మూడో ఏడాదికి సగం ఉద్యోగస్తుడే.

బి.ఏ.ను మాత్రం మనవాళ్లు అన్యాయంగా చిన్నచూపు చూస్తారు. ఏ సీటూ రానివాడు చేరేది అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, గ్రూప్-2 మెయిన్స్‌లో అడిగేది ఆంధ్రప్రదేశ్ సామాజిక చరిత్ర, రాజ్యాంగం, భారత ఆర్థిక వ్యవస్థ, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ, కాస్త సైన్సు. ఆ చివరి ముక్క తీసేస్తే అది బి.ఏ. సిలబస్సే. మన పిల్లలు మూడేళ్లు ఇష్టం లేని బి.ఎస్సీ. చదివి, తర్వాత విశాఖలోనో హైదరాబాదులోనో గది అద్దెకు తీసుకుని, కోచింగ్ సెంటర్‌కు ఫీజు కట్టి, బి.ఏ. పాఠాలు చదువుతారు. ప్రభుత్వోద్యోగమే లక్ష్యమని ఇంటర్‌లోనే నిశ్చయించుకున్న పిల్లవాడికి చరిత్ర, పాలిటిక్స్, ఎకనమిక్స్ ఇష్టమైతే, చుట్టాల మొహాలు చూడకుండా బి.ఏ.లో చేరమని నా సలహా.

ఇంజనీరింగ్ గురించి మాట్లాడకపోతే పెద్దలు ఊరుకోరు. లెక్కలు ఇష్టపడే పిల్ల, మంచి ర్యాంకు, మంచి కాలేజీ, ఈ మూడూ కలిస్తే చేర్పించండి, రెండో ఆలోచన వద్దు. లెక్కలంటే జ్వరం వచ్చే పిల్లవాణ్ణి, పక్కింటివాడు చేరాడని చేర్పిస్తే నాలుగేళ్ల తర్వాత మిగిలేది బ్యాక్‌లాగ్‌ల చిట్టా. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే అంటారు. 2008 ప్రాంతాల్లో మొదలైన ఆ పథకం పేదపిల్లల్ని వేలల్లో చదివించింది, కాదనను. కానీ ప్రభుత్వం ఫీజు కట్టినా పిల్లవాడి నాలుగేళ్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు.

"అమెరికాలో డిగ్రీ అడగడం మానేశారటగా?" అని ఫోన్లో వీడియో చూసి వచ్చినవాళ్లు అడుగుతారు. కొంత నిజమే. 2022లో మేరీలాండ్ రాష్ట్రం వేలాది ప్రభుత్వోద్యోగాలకు డిగ్రీ నిబంధన తీసేసింది. అక్కడ కాలేజీ చదువంటే లక్షల్లో అప్పు, అందుకని ఆ వాదన పుట్టింది. ఇక్కడ ప్రభుత్వ కాలేజీ ఫీజు చూస్తే ఆ వాదన మనకు అతకదు. ఇంకో సంగతి, మన తెలుగువాళ్లు అమెరికాలో ఉద్యోగానికి వెళ్లే హెచ్-1బి వీసాకు కనీసం బ్యాచిలర్ డిగ్రీ, లేదా దానికి సమానమైన అర్హత ఉండాలి. డిగ్రీ దండగ అని అక్కడి నుంచి వీడియోలు పెడుతున్న మనవాళ్లు చాలామంది ఆ డిగ్రీ చూపించే విమానం ఎక్కారు.

కృష్ణదేవిపేట వైపు పెద్దాయన ఒకరు ఇంకా గట్టి ప్రశ్న వేశారు. "అల్లూరి సీతారామరాజు గారికి డిగ్రీ ఉందా?" లేదు. బడి చదువే పూర్తి చెయ్యలేదు. కానీ ఆయన కథలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడి చేశారు. తుపాకులు తీసుకుని వెళ్లిపోకుండా, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. మిరపకాయ టపాతో ముందుగా కబురు పంపి చేసిన దాడులూ ఉన్నాయి. బడి మానేసినా భాషలు నేర్చుకున్నారు, జ్యోతిషం నేర్చుకున్నారు, అడవి దారులు నేర్చుకున్నారు, కలం పట్టుకుని తన పనికి తానే బాధ్యత రాసిపెట్టారు. అంత సాధన ఇంట్లో కూర్చుని చెయ్యగల పిల్లవాడైతే డిగ్రీ మానేసినా నాకు అభ్యంతరం లేదని ఆ పెద్దాయనకు చెప్పాను. ఆయన నవ్వి, మనవణ్ణి డిగ్రీలోనే చేర్పించారు.

ఇక చేరేముందు ఏం చెయ్యాలి? ఇంటర్ పరీక్షలైన దగ్గర్నుంచి కాలేజీ తెరిచేదాకా మూడు నెలలు ఖాళీ. మన వైపు ఆ నెలల్లో జీడిపిక్కల పని, పెళ్లిళ్లు, జాతరలు, ఆ పైన ఫోను. వాటిల్లోంచే రోజుకు ఒక గంట తీసుకోండి. ఆ గంటలో చెయ్యవలసింది రాయడం. డిగ్రీ చదువు మన రాష్ట్రంలో ఇంగ్లీషు మీడియంలోకి మారింది. తెలుగు మీడియంలో, ఆశ్రమ పాఠశాలల్లో చదివి వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో నోరు విప్పరు. ఇంగ్లీషు అంటే మన ఇళ్లల్లో ఇప్పటికీ కన్యాశుల్కంలో వెంకటేశం తల్లి పద్ధతే. పిల్లవాడు గిరీశంతో కలిసి ఏదో ఒకటి గడగడా వల్లిస్తే, కొడుకు చదువు వంటబట్టిందని ఆవిడ మురిసిపోతుంది. గడగడా మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు. ఇవాళ పొద్దున్నుంచి ఏం చేశావో పది ఇంగ్లీషు వాక్యాలు రాయి, చిన్న చిన్నవి, తప్పుల్లేకుండా. రేపు ఇంకో పది. కాలేజీ తెరిచేనాటికి పాఠ్యపుస్తకం తెరిస్తే భయం వెయ్యదు.

తెలుగు కూడా రాయండి. తహసీల్దారు ఆఫీసు బయట అర్జీలు రాసేవాళ్ల దగ్గర డిగ్రీ పాసైనవాళ్లు నిలబడి ఉండటం చూస్తే నాకు చివుక్కుమంటుంది. ఈ వేసవిలో మీకు కావలసిన సర్టిఫికెట్లకు అర్జీ మీరే రాసుకోండి.

సర్టిఫికెట్ల మాట వచ్చింది. పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ బ్యాంకు ఖాతాలోనూ అలాగే ఉన్నాయా, ఇవాళే చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంతో ఉండి స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక్క సంచిలో పెట్టుకోండి. స్టడీ సర్టిఫికెట్లు ఎందుకంటే, రాజ్యాంగంలోని 371-డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మీరు ఆంధ్రా యూనివర్సిటీ పరిధి స్థానికులని తేల్చేది ఆ కాగితాలే. హైదరాబాదులోనో ఒడిశాలోనో రెండేళ్లు చదివి వచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. డిగ్రీ సీట్లకు దరఖాస్తు, కాలేజీల ఎంపిక ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. నెట్ షాపు అబ్బాయి తొందరలో తనకు తోచిన కాలేజీ, తనకు తోచిన కోర్సు ముందు పెట్టేస్తాడు. ఆప్షన్లు ఇంటి దగ్గర కాగితం మీద రాసుకుని వెళ్లి, అతను నొక్కుతుంటే పక్కన నిలబడి చూడండి. 2023-24 నుంచి మన రాష్ట్రంలో పాత మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి, ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి వచ్చింది. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి, మీరు చేరే ఏడాది ఏముందో కాలేజీలోనే అడిగి తెలుసుకోండి. అన్నయ్య చేరినప్పటి మాట పనికిరాదు.

చేరాక హాజరు 75 శాతం తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. చెరకు కొట్టే రోజుల్లో కొడుకును వారాల తరబడి ఇంటి దగ్గర ఆపే తండ్రులు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటి చెయ్యమంటారు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఏదో ఒక సమస్య మీద వివరాలు సేకరించి నివేదిక రాయాలి. చాలామంది ఇంట్లో కూర్చుని యాభై ఇళ్ల వివరాలు ఊహించి రాసేస్తారు, ముందు చెప్పిన రికార్డు పుస్తకంలాగే. తాండవ జలాశయం ఆయకట్టు చివరి పొలాలకు నీళ్లెందుకు అందడం లేదో, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులకు ఏమవుతోందో, చింతపల్లి కాఫీ గింజ రైతు చేతి నుంచి ఎన్ని చేతులు మారుతోందో నిజంగా తిరిగి తెలుసుకున్న పిల్లను రేపు ఇంటర్వ్యూలో "నీ గురించి చెప్పమ్మా" అని అడిగితే, చెప్పడానికి ఆమెకు ఒక గంట సరుకు ఉంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు రెండు ముక్కలు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. గొలుగొండ, కోటవురట్ల, మాకవరపాలెం నుంచి నర్సీపట్నం కాలేజీకి వచ్చిపోవడానికి డబ్బు అడ్డం అనే మాట ఇక చెల్లదు. పెళ్లి సంబంధం వస్తే ఏం చెయ్యాలని అడుగుతారు. సంబంధాలు మళ్లీ వస్తాయి. రెండో ఏడాది మధ్యలో మానేసిన డిగ్రీ మాత్రం పూర్తయిన కేసులు నేను చూసినవి తక్కువ. అలా ఆగిపోయినవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటే వాళ్లకూ ఒక మాట. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య 1972 నుంచి ఉంది, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1985 నుంచి ఉంది. ఆ పట్టాతో కూడా పంచాయతీ కార్యదర్శి పరీక్ష రాయవచ్చు.

ఆఖరుగా, కాలేజీని ఎంచుకునే ముందు ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రండి. గేటు దగ్గర ఫ్లెక్సీ చూడకండి, అందులో ర్యాంకుల పిల్లలు అందరూ అందంగానే ఉంటారు. ల్యాబు తలుపు తీయించండి. బల్లల మీద దుమ్ముందో, గ్యాసు వస్తోందో మీ కళ్లతో చూడండి. మీ మేజర్ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారా, ఖాళీగా ఉందా అని ఆఫీసులో అడగండి. లైబ్రరీలో పిల్లలకు పుస్తకాలు ఇంటికి ఇస్తారా, రిజిస్టర్ చూపించమనండి. ఆ కాలేజీలోనే రెండో ఏడాది చదువుతున్న ఇద్దరు పిల్లల్ని బయట టీకొట్టు దగ్గర పట్టుకుని మాట్లాడండి, టీ డబ్బులు మీరే ఇవ్వండి. ఇవన్నీ అయ్యాకే టీసీ చేతికివ్వండి. ఇచ్చేముందు అన్నిటికీ నాలుగేసి జిరాక్సులు తీయించుకోవడం మరిచిపోకండి, ఒరిజినల్ ఒకసారి లోపలికి వెళ్తే బయటికి రావడానికి మూడేళ్లు పడుతుంది.